తగ్గుతూ వచ్చిన బ్రేక్ ఆయిల్

పదకొండు బాతులు, ఒక హెడ్‌లైట్, బాతులు కాసే పెద్దాయన చేతికర్ర. ఆ ఉదయం పోయినవి ఇవి.

మా పాత కారులో బ్రేక్ ఆయిల్ తగ్గుతుంటే నెలలో మూడుసార్లు పోసి, ఎంత పోశానో రాసుకున్నాను. అది ఎక్కడికి పోతోందో మాత్రం చూడలేదు. ఏలూరు నుంచి కొల్లేరు వైపు వెళ్తుంటే, కోసిన చేలల్లో మేతకు తోలుకెళ్తున్న బాతుల మంద రోడ్డు దాటుతోంది. బ్రేకు తొక్కితే పెడల్ నేలకు తగిలింది. హ్యాండ్‌బ్రేక్ లాగినా కారు మంద మీదుగా వెళ్లి రాయికి గుద్దుకుని ఆగింది. పెద్దాయన కర్ర చక్రం కింద విరిగింది.

కారు దిగి, పెద్దాయనకు ఇవ్వబోతూ డబ్బు తీశాను.

“ముందు బ్రేకులు బాగుచేయించుకోండి బాబుగారూ. నేనింకో అడుగు ముందుంటే ఇది ఎవరికిచ్చేవారండీ?” అన్నాడాయన, డబ్బు తీసుకోకుండా.

మెకానిక్ వెనక చక్రం విప్పి, లోపల ఆయిల్ కారిన మరకలు చూపించాడు. వారం తర్వాత ఆ డబ్బు ఇద్దామని వెళ్తే మంద వేరే ఊరి చేలకు తరలిపోయింది. పదకొండు బాతులు, ఒక చేతికర్ర ఆయనకు ఇప్పటికీ బాకీ ఉన్నాను.