సామ్యేలన్న చెక్కముక్క

మాదన్నపేట మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే ఎవరిదో పాత స్కూటర్ వెనక నుంచి పొగ కక్కుకుంటూ పోయింది. పెట్రోల్లో ఆయిల్ కలిసి కాలిన వాసన. ఈ రోజుల్లో రోడ్డు మీద అది అరుదు, వస్తే మాత్రం నా చెయ్యి ఆగిపోతుంది. "ఏందన్నా, తీస్కుంటవా, చూస్కుంట నిలబడ్తవా?" అని కూరగాయలమ్మ కసిరింది. ఏమీ కొనకుండానే వచ్చేశాను. నాకు ఆ వాసన అంటే పడవ మోటారు. పడవ మోటారు అంటే సామ్యేలన్న.

నీళ్లలో చిక్కుకున్నవాళ్లను, మునిగినవాళ్లను బయటికి తెచ్చే ప్రభుత్వ దళంలో ఆయన పడవ నడిపేవాడు. నేను ఆయన చేతికింద చేరాను. వానలు పడితే మూసీ ఒడ్డు బస్తీలు, మిగతా రోజుల్లో ఊరి చెరువులు. ప్రాణంతో తెచ్చిన రోజులు తక్కువని ముందే చెప్పేస్తున్నాను. సామ్యేలన్న సన్నటి మనిషి, నోరు మాత్రం పెద్దది. ఆదివారం ఇస్త్రీ చొక్కాతో చర్చికి పోయి, అదే చొక్కాతో డ్యూటీకి వచ్చి, బురదలో దిగి, ఇంటికెళ్లి భార్య మరియమ్మ చేత తిట్లు తినేవాడు.

మొదటిసారి మోటారును నేనే పడవకు బిగించాను, బాగా కిందికి దించి. వెనక నుంచి ఎవరో పట్టుకు లాగుతున్నట్టు నడిచింది పడవ, నీళ్లు మొహాన కొట్టాయి. ఇలా కాదని బాగా పైకి బిగించాను. ఈసారి మోటారు చెవులు పగిలేలా అరిచింది గానీ పడవ కదిలితే ఒట్టు. సామ్యేలన్న పడీ పడీ నవ్వాడు.

"అరే నర్సింగ్, అరుస్తున్నదంటే పని చేస్తున్నదనుకుంటివా? నీళ్లు దొర్కక గాలి మింగుతున్నది. మన పెద్దసార్ లెక్క."

తర్వాత నన్ను వంగమని చూపించాడు. నీళ్లలో తిరిగే పంకాకు పైన అడ్డంగా ఒక రేకు ఉంటుంది. అది పడవ అడుగుతో సమానంగానో, ఒక వేలు కిందగానో ఉండాలి. అంతే విద్య. ఒకసారి కుదిరితే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. మరి ఆయన సంచిలో టేకు చెక్కముక్క ఒకటి ఎప్పుడూ ఎందుకుంటుందని అడిగాను. "గది వేరే పనికి" అని నవ్వు ఆపేశాడు.

ఆ వేరే పనేంటో త్వరలోనే తెలిసింది. మనిషి మునిగి చాలాసేపయి, ఇక ప్రాణంతో దొరకడని తేలాక, సామ్యేలన్న మోటారు విప్పి, పడవ వెనక అంచుకూ దానికీ మధ్య ఆ ముక్క పెట్టి, అంత ఎత్తుగా మళ్లీ బిగించేవాడు. అప్పుడు పంకా చాలావరకు పడవ అడుగు చాటుకు వచ్చేస్తుంది. నీళ్లలో ఏమున్నా దాని మీదుగా పడవ జారిపోతే పంకా కూడా జారిపోతుంది, కోయదు. వేగం పోతుంది. మలుపు తిప్పితే మోటారు గాలి మింగి గోల పెడుతుంది. అయినా సరే.

"పోయినోనికి నొప్పి ఉంటదా అన్నా?" అన్నాను, పెద్ద తెలివైనవాణ్ననుకుని.

"ఇంటోళ్లకు ఉంటదిరా. వాళ్లు ఆఖర్న జూసే ముఖం అది. కోసి చేతుల పెడ్దమా?"

వంగి మోటారు పట్టుకున్నాను.

అయితే ఈ సంగతి ఒడ్డున తిరిగే జనానికి కూడా తెలిసిపోయింది. ఒక మధ్యాహ్నం మీరాలం చెరువులో కాలేజీ కుర్రాడు మునిగాడు. తల్లి గాజుల దుకాణంలో పనిచేసే మనిషి, ఒడ్డునే నిలబడి ఉంది. సామ్యేలన్న సంచిలోంచి చెక్కముక్క తీయగానే ఎవడో నోరు జారాడు. "చెక్క పెడ్తుండు. ఐపోయినట్టే." ఆమె గబగబా నీళ్లలోకి దిగి పడవ అంచు పట్టుకుంది. "నక్కో లగావ్ భాయ్! మేరే బచ్చే కో తైర్నా ఆతా!" పెట్టొద్దట, పిల్లాడికి ఈత వచ్చట.

సామ్యేలన్న ముక్కను సంచిలో పడేశాడు. "నై లగాతే అమ్మా, నై లగాతే" అని, పెట్టనని మాటిచ్చి, ఆమె చూస్తుండగా పడవను జోరుగా ఉరికించాడు. గుర్రపుడెక్క గుబురు చాటుకు పోయి ఒడ్డు కనబడకుండా అయ్యాక ఆపి, ముక్క తీసి పెట్టాడు.

"ఆమెకు అబద్ధం జెప్తివి గదన్నా!"

"దేవుడు అడిగితే నన్ను అడుగుతడు తియ్. నువ్వు పానా పట్టు."

సాయంత్రంలోగా పిల్లాడు దొరికాడు. ముఖం మీద గీత పడలేదు. ఆమె వాడి తల ఒళ్లో పెట్టుకుని వేళ్లతో జుట్టు దువ్వుతుంటే సామ్యేలన్న పడవలోనే కూర్చుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇలాంటి ఉద్యోగం పగవాడికి కూడా వద్దు.

ఆ తర్వాతి వానాకాలం మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్ దిగువన ఇంటి కప్పు మీద చిక్కుకున్నవాళ్లను కొందరిని తెచ్చి దించి, నన్ను వాళ్ల దగ్గర ఉంచి, మిగిలినవాళ్ల కోసం సామ్యేలన్న తిరిగి వెళ్లాడు. కూలిన గోడ తగిలి పడవ బోల్తా పడింది. పడవ దొరికింది, ఆయన దొరకలేదు. మర్నాడు వరద తగ్గాక వెతకడానికి ఇంకో పడవ నాకిచ్చారు. ఎక్కడో కొమ్మ పట్టుకుని ఉంటాడని నాకు ఆశ. మోటారు కిందికే ఉంచాను. ఒడ్డున నా దగ్గరే మిగిలిపోయిన అన్న సంచిలోని చెక్కముక్క ఊసే తేలేదు. మరియమ్మ వదిన ఒడ్డున నిలబడి నా చేతులకేసి చూస్తోంది.

"నర్సింగూ, చెక్క పెట్టు."

"గట్లనకు వదినా. అన్న యాడ్నో ఉంటడు."

"ఉంటే పిలుస్తుండె. ఆయన నోరు నాకెర్కలేదా?" అంది. "పెట్టు బిడ్డా. ఆయన ముఖం నాకు మంచిగ గావాలె."

నా చేతిలోంచి పానా జారింది. ఆమే వంగి తీసి ఇచ్చింది.

పెట్టాను. వంతెన దాటాక, ముళ్లకంపలో దొరికాడు. ముఖం బాగుంది. వదిన బురద తుడిచి, "దెబ్బ లేదు" అంది. ఎవరితో అన్నదో తెలియదు.

ఇప్పుడు సామ్యేలన్న పడవ నేనే నడుపుతున్నాను. అన్న దగ్గర నేర్చినవన్నీ అలాగే చేస్తాను, ఒక్కటి తప్ప. చాటుకు పోయి పెట్టను. ఒడ్డున ఉన్న తల్లి దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లి, ముక్క చూపించి, దేనికో చెప్పి, అడుగుతాను. వద్దంటే మోటారు దించుకునే తిరుగుతాను, కళ్లు నీళ్ల మీదనుంచి తీయకుండా, ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా. వాళ్లు పెట్టమనే దాకా, నీళ్లలో ఉన్న మనిషి నాకు బతికున్నట్టే.