నక్షత్రానికి పరామర్శ

మీ నాన్నమ్మ నెమ్మదస్తురాలని మీ అందరికీ ఒక నమ్మకం ఉంది కదా, పిల్లలూ. ఆ నమ్మకాన్ని ఈ రోజు నా చేతులతో నేనే కూల్చబోతున్నాను. గొంతు చిన్నదే, అయినా ఆ గొంతుతోనే ఒకసారి వీధి వీధినంతా కదిలించాను. ఫోను చెవికి దగ్గరగా పెట్టుకోండి.

అప్పటికి నా జుట్టు సగమే నెరిసింది. తెలివి మాత్రం అసలు పండలేదు. మా అన్నయ్య కూతురు, మీ గౌరి పిన్ని, పేలే నక్షత్రాల మీద పరిశోధన చేసేది. ఆ రోజుల్లో ఒక నక్షత్రం ఉన్నట్టుండి భగ్గుమంది. వెంటనే గౌరి లాప్‌టాప్ చంకన పెట్టుకుని కళింగపట్నంలోని మా ఇంటికి వచ్చేసింది.

"నీ టెలిస్కోపు కాడ ఉండాల గదే, ఇక్కడికొచ్చినావేటి?"

"అది బూమి సుట్టూ తిరుగుతన్నాదత్తా. నచ్చత్రం నుంచొచ్చే ఎక్స్‌రేలు గాలిని దాటి కిందకి రావు, అందుకే పైన పెట్టినారు. నేనెక్కడ కూకున్నా ఒకటే."

రోజూ సందెవేళ ఇద్దరం మేడెక్కేవాళ్ళం. సముద్రం నీలం నుంచి బూడిదరంగులోకి మెల్లగా జారుకునేది. పడవల పైన ఆ నక్షత్రం, నిద్రలో నవ్వే పసిపిల్లలా, మినుకుమనేది. నేనైతే దానికి దిష్టి కూడా తీశాను. గౌరి ముఖంలో మాత్రం వెలుగు లేదు. టెలిస్కోపు ఒకసారి చూస్తే ఎక్స్‌రేలు ఏమీ దొరకలేదట. మళ్ళీ చూడమని ఆ టెలిస్కోపు నడిపేవాళ్ళని బతిమాలుకుంది. ఈసారీ దొరక్కపోతే ఏళ్ళ ఎదురుచూపు నీళ్ళపాలే.

నక్షత్రం రోజురోజుకీ మసకబారింది. ఒక సాయంత్రం ఎంత వెతికినా కనిపించలేదు. కిందికొస్తే, గౌరి కంచం పక్కకు నెట్టేసి తెర వైపే చూస్తోంది. నాకంతా అర్థమైపోయింది. అర్థం కానిదాన్ని నేనంత వేగంగా అర్థం చేసుకుంటాను.

గోడ అవతలి సింహాచలమమ్మతో గుసగుసగా అన్నాను. "ఒదినా, మా పిల్ల నచ్చత్రం సచ్చిపోనాది."

"ఓలమ్మ, పాపం. పిల్ల ఏటైనా తిన్నాదా?"

"మెతుకు ముట్టలేదు."

"అయితే నువ్వు రేపు పొయ్యి ఎలిగించకు. మేం సూసుకుంటాం."

మా వైపు చావింట్లో పొయ్యి వెలగదు, ఇరుగుపొరుగే వండి తెస్తారు. మర్నాడు మధ్యాహ్నానికి వసారా నిండా గిన్నెలు, గిన్నెల వెనక మనుషులు. చర్చి నుంచి మార్తమ్మ వచ్చి ప్రార్థనకని కళ్ళు మూసుకుంది. మళ్ళీ ఒక కన్ను తెరిచి, "దాని పేరేటమ్మా?" అంది. గౌరి రాసుకున్న కాగితం మీద చూస్తే, నక్షత్రం పేరులో సగం అంకెలే. ఆవిడ ఆ అంకెలతోనే ప్రార్థన మొదలుపెట్టింది.

గౌరి బిత్తరపోయింది. "అత్తా, ఈలంతా ఎందుకొచ్చినారు?"

"గుండె దిటవు సేసుకోవాలమ్మా," అన్నాను.

అంతలో లాప్‌టాప్ టింగుమంది. గౌరి అటు తిరిగి చూసి, రెండు చేతులతో ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏడు తల్లీ, బారం దిగుతాది," అంది సింహాచలమమ్మ.

"ఇది ఏడుపు కాదు పిన్నీ. ఎక్స్‌రేలు దొరికినాయి. పేలినప్పుడు ఎగసిన వాయువు మబ్బులాగ కమ్మేస్తాది. అది పల్చబడితేనే లోపలి మంట టెలిస్కోపుకి అగుపిస్తాది. మీ కంటికి ఆరిపోడమే నాకు మంచి కబురు."

సింహాచలమమ్మ తన గిన్నె వైపు దిగులుగా చూసుకుంది. "అయితే అది సావలేదా? నేను పప్పుచారు కాసినాను."

"సచ్చింది పిన్నీ. మీరే కోట్ల ఏళ్ళు ఆలీసెంగా వచ్చినారు. అది ఎప్పుడో కాలిపోయిన నచ్చత్రం. పక్కనున్న నచ్చత్రం ఒంటి మీద వాయువు లాక్కుని, ఒంటికి పడక పేలింది."

సింహాచలమమ్మ నా వైపు తిరిగింది. "సచ్చి అన్నేళ్ళయితే, కబురు ఇప్పుడా సెప్పేది?"

పరామర్శకు వచ్చినవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. గౌరి మూడుసార్లు అన్నం పెట్టించుకుంది. నేను మాత్రం ఎంగిలి చేతితోనే గంభీరంగా ఒట్టేశాను: ఆకాశంలో ఎవరు పోయినా సరే, ఎక్స్‌రే కళ్ళారా చూడనిదే ఎవరింటా పొయ్యి ఆర్పించను.