పెద్దమ్మ పీట, మేడ మీది నీడ

మా ఎదురింటి పెద్దమ్మ పోయిన వారం చనిపోయారు. నిద్రలోనే గుండె ఆగిందట. చెన్నై కోడంబాక్కంలోని మా అపార్టుమెంటులో నాతో తెలుగులో మాట్లాడే మనిషి ఆవిడ ఒక్కరే. పెళ్ళయి గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో, "ఈడ నేనుండాను గదమ్మే, బెంగెందుకు?" అన్నారు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ ఇక్కడ గడిపాను.

వేసవి రాగానే ఇద్దరం మేడ మీద వడియాలు పెట్టేవాళ్ళం. ఒక ఏడాది మాత్రం పిండి ఉడికించి పిలిస్తే ఆవిడ తలుపు తీయలేదు. గుమ్మానికి వేపమండ కట్టి ఉంది.

"అమ్మ పోసినట్టుండాది. నువ్వు రాబాక," అన్నారు లోపలి నుంచి.

అమ్మవారు వస్తే మందులు వాడకూడదని తలనొప్పి మాత్ర కూడా మానేశారు. కొత్తగా రాసిచ్చిన బీపీ మాత్ర ఒక్కటి మాత్రం, ఆపితే ప్రమాదమని, మింగుతూ వచ్చారు. వారాలు గడిచాయి. వేపాకు ఎండి రాలిపోయింది కానీ దద్దుర్లు తగ్గలేదు. ఎవరూ ఆ గుమ్మం తొక్కలేదు. చివరికి నేనే తలుపు తోసుకుని వెళ్ళాను. మెడ మీద, ముంజేతుల మీద ఎర్రటి చుట్లు. రవిక చెయ్యి ఉన్నంత మేరా చర్మం శుభ్రంగా ఉంది.

"అమ్మవారికి రవిక అడ్డమొచ్చిందా పెద్దమ్మా?" అన్నాను.

"చుమ్మా ఉండమ్మే, ఊరికే ఉండు! ముసల్దాన్ని పట్టుకుని ఎగతాళా?" అంటూనే నవ్వారు.

నేను వెంటబెట్టుకుని తీసుకెళ్తే, చర్మం డాక్టరు చిన్న చర్మం ముక్క తీసి పరీక్షించి, ఇది అంటుకునేది కాదన్నారు. ఆ బీపీ మాత్ర వల్ల ఒంట్లోని రక్షణ శక్తి సొంత చర్మం మీదికే తిరగబడిందని, ఎండ తగిలితే ఇంకా రేగుతుందని చెప్పారు. దాన్ని ఆపించి బీపీకి వేరే మాత్ర రాశారు.

"నన్ను కాపాడాల్సిందే నన్ను కొడతా ఉండాదంట, చూస్తివా?" అంటూ ఆటోలో నా చెయ్యి పట్టుకున్నారు. ఇల్లు చేరేదాకా వదల్లేదు. అన్నాళ్ళూ ఎవరినీ ముట్టుకోలేదు మరి.

దద్దుర్లు నెమ్మదిగా మానాయి. ఎండ మాత్రం వద్దన్నారు. ఆ తరువాత ప్రతి వేసవిలోనూ చీర మీద కాలం చేసిన భర్తగారి పాత పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, మెట్ల గది నీడలో పీట వేసుకుని, కాకుల్ని అదిలిస్తూ కూర్చునేవారు. నీడ జరిగినప్పుడల్లా "అమ్మే, పీట!" అని కేకేసేవారు. నేను పిండి చేతులతోనే వచ్చి జరిపేదాన్ని.

నిన్న వడియాలు పెట్టాను. పీట కూడా వేశాను. మధ్యాహ్నానికి ఎండ దాని అంచుకు వచ్చింది. ఎవరూ పిలవలేదు. లేచి వెళ్ళి పీటను నీడలోకి జరిపాను.