ఫ్లెక్సీ ఎక్కిన వంశవృక్షం

సూరారంలో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా మా వంశవృక్షం గీసేదాన్ని. అందుకు కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ దొరికింది. ఉచితం. పైగా దాని లోపలి కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, చేతనైనవాళ్లు మార్చుకోవచ్చు. ఈ సంగతి మా పెద్దనాయినకు మహా నచ్చింది.

ఆయన శామీర్‌పేట దగ్గరి మా ఊళ్లో ప్లాట్లు అమ్ముతాడు. అప్పుడు సర్పంచ్‌గా నిలబడ్డాడు. పోటీలో ఉన్న ఎదుటి మనిషి తాత బతుకుదెరువుకు వచ్చినవాడని, తాము మాత్రం ఈ మట్టిలోనే మొలిచామని ఆయన ప్రచారం.

"మన తరాలన్నీ ఫ్లెక్సీ మీదికి రావాలె బిడ్డా. జల్దీ చెయ్," అన్నాడు.

వివరాల కోసం ఆయన తల్లిని, అంటే మా అవ్వను అడిగాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ, "మా మామది గీ ఊరు గాదు. మెదక్ దిక్కుకెల్లి ఇల్లటపు అల్లుడై వచ్చిండు. గీ భూములన్నీ మా అత్తయి," అంది.

పెద్దనాయిన ముఖం మాడింది. "గది తీసెయ్. మా తాతను గీ ఇంటి కొడుకును జెయ్. ఎవలైన మార్చుకోవచ్చంటివి గద?"

"మార్చుకోవచ్చన్నది సాఫ్ట్‌వేర్‌ను పెద్దనాయినా, తాతను కాదు."

"ఇగ నీతోని గాదు," అని ప్రింటు పట్టుకుని మేడ్చల్‌లో ఫ్లెక్సీ దుకాణానికి పోయాడు. అక్కడ తన తాతను ఇంటి కొడుకు చోటికి జరిపించాడు. ఆ తాత భార్యను, అంటే ఆ ఇంటి అసలు కూతురిని, కదిలించాలని మాత్రం తోచలేదు.

తెల్లారేసరికి బస్టాండులో ఫ్లెక్సీ లేచింది. పెద్దనాయిన దండం పెడుతున్నాడు. వెనకాల ఒకే తండ్రికి కొడుకు, కూతురు, వాళ్లిద్దరి మధ్య పెళ్లి గీత, కింద మేమంతా.

"ఏందే, మీ తాత చెల్లెనే చేసుకున్నడా?" అని ఒక ముసలాయన పెద్దనాయినను మెల్లగా అడిగాడట. ఎదుటి మనిషి పొద్దంతా చాయ్ ఆ ఫ్లెక్సీ ముందే తాగాడు.

మధ్యాహ్నానికి ఫ్లెక్సీ దిగింది. సాయంత్రం పెద్దనాయిన కొత్త విల్లాల గేటు ముందు, ఈమధ్యే ఊరికి వచ్చినవాళ్ల నడుమ నిలబడి, "మా తాత గూడ మీ లెక్కనే వలస వచ్చిండు," అంటూ కళ్లు తుడుచుకున్నాడు. గెలిచాడు కూడా.

ఆ హడావుడి సద్దుమణిగాక అవ్వ నా పక్కన కూర్చుని, తెర మీద ఎవరెవరు ఎక్కడున్నారో అడిగి తెలుసుకుంది. తన పేరు దగ్గర ఆగి, పైనున్న ఖాళీ జాగా చూపించింది.

"మా తల్లిగారోళ్లు ఏరి?"

అప్పటిదాకా అడగాలని ఎవరికీ తట్టలేదు.

"చెప్పు అవ్వా, రాస్త," అన్నాను.

ముందు వాళ్లమ్మ పేరు చెప్పింది. ఆ పేరు మా ఇంట్లో నేనెన్నడూ వినలేదు.