గ్రాఫు లేని జవాబు

హిందీ మాట్లాడే ఊళ్లో తెలుగువాళ్ల పేట సీతారాండేరా. అక్కడ గౌరీదేవి దగ్గర లెక్కల ట్యూషన్‌కి వెళ్లే పిల్లలు చెప్పులతోపాటు నోళ్లు కూడా గుమ్మం బయటే వదిలి వెళ్లాలి. చీర కుచ్చెళ్లు బొడ్లో దోపి, స్కేలు చంకలో ఇరికించుకుని బోర్డు ముందు నిలబడుతుంది ఆవిడ. ఏ గీతైనా గ్రాఫు కాగితం మీద గియ్యాల్సిందే. వై అక్షం దాకా సాగదీసి, ఎక్కడ తగిలిందో చూస్తేనే ఇంటర్‌సెప్ట్. మొన్న ఆ పిల్లల్లో తనూజ గ్రాఫు గియ్యలేదు. రెండు, అయిదు ఒక బిందువు. నాలుగు, తొమ్మిది ఇంకోటి. ఎక్స్ రెండు పెరిగితే వై నాలుగు పెరిగింది గనక స్లోపు రెండు. మొదటి బిందువు నుంచి ఎక్స్‌లో రెండు వెనక్కి, సున్నాకొస్తే వై నాలుగు తగ్గి ఒకటవుతుంది, అదే ఇంటర్‌సెప్ట్ అని రాసేసింది. గౌరీదేవి ఎర్రపెన్నుతో కాగితం చిరిగేలా కొట్టేసింది.

"ఆంటీ, ఆన్సర్ తో సహీ హై నా?" అంది తనూజ, జవాబైతే సరైందే కదా అని హిందీలో.

"నోర్ముయ్! ఎవులు నేర్పినారే నీకీ దొంగదారి?"

పిల్లలు వెళ్లాక ఆవిడ తలుపేసుకుని, వేరే బిందువులతో అదే దారిలో చేసి చూసింది. సరిగ్గానే వచ్చింది. ఇంకోటి చేసింది. అదీ వచ్చింది. బోర్డంతా అరచేత్తో తుడిచిపారేసింది.

మర్నాడు ఆ పద్ధతే అందరికీ చెప్పింది. తనూజ లేచి, ఎర్రగీత పడ్డ పేజీ చూపించింది.

"నిన్నటికి నాను చెప్పనేదు," అంది గౌరీదేవి, స్కేలుతో బల్ల మీద కొడుతూ. "ఇయ్యేల చెప్పినాను. ఇయ్యేల్నుంచి రైటు. కూకో."