గుండ్రంగా పెట్టించిన సంతకాలు

మా కోనసీమలో పోలీసు కూడా అండీ అంటూనే కేసు రాస్తాడు. ఈ మాట క్లాసులో చెబితే పిల్లలు నవ్వుతారు. నవ్వుకోండి, మీ పేరు రాసిన రోజున తెలుస్తుంది అంటాను. పోయిన ఏడాది నా విద్యార్థిని పేరు అలాగే రాశారు. ఆ పేరు అక్కడిదాకా చేరడానికి కారణం నేను. అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు. దిగాక రాద్దామని ఆగితే రాసేదేమీ ఉండదు కాబట్టి, కోపం మీదే రాస్తున్నాను.

ముందు నా సంగతి. మాది కొత్తపేట దగ్గర పల్లె. డిగ్రీ మధ్యలో వదిలేసి విప్లవంలోకి వెళ్ళాను. రెండేళ్ళు అజ్ఞాతంలో తిరిగాను, నాలుగేళ్ళు జైల్లో ఉన్నాను. లా పుస్తకం మొదట పట్టింది జైల్లోనే. నా తరఫున వాదించే ప్లీడరు గారికి నా కేసు గురించి నాకన్నా తక్కువ తెలుసునని అక్కడే అర్థమైంది మరి. బయటికొచ్చి వదిలేసిన డిగ్రీతో పాటు ఆ చదువూ పూర్తిచేసి, పై చదువూ చదివి, ముప్ఫై ఏళ్ళుగా అమలాపురంలో ఒక ప్రైవేటు లా కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఊళ్ళోవాళ్ళు ఎదురుపడితే మేష్టారు గారూ అంటారు. నేను నాలుగడుగులు వేయగానే పక్కవాడితో, "ఈయన అన్నల్లో తిరిగొచ్చేరండీ" అంటారు. ఆ రెండో మాటలోనే గౌరవం ఎక్కువ వినిపించేది. దాన్ని చూసుకుని ఇన్నేళ్ళు మురిసిపోయాను. సిగ్గు లేదు నాకు.

మూడో సంవత్సరంలో ఒక అమ్మాయి ఉండేది. మామిడికుదురు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే చిన్న ఊరు వాళ్ళది. తండ్రి పడవ మీద వేటకెళతాడు. ఆ వాడలో లా దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే. రోజూ రెండు బస్సులు మారి వచ్చేది, ఒక్క క్లాసు మానేది కాదు. చదువైపోగానే న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకుని అమలాపురం కోర్టులో నిలబడాలని ఆమె ఆశ. వాళ్ళ నాన్నయితే నల్లకోటుకి గుడ్డ ముందే కొనేసి ట్రంకుపెట్టెలో దాచాడట. ఆ సంగతి చెబుతూ ఆ పిల్ల సిగ్గుపడిపోయింది.

ఆ ఊరి చుట్టూ రొయ్యల చెరువులు తవ్వారు. చెరువుల్లోకి ఉప్పునీళ్ళు తోడడం, మురుగు కాలువలోకి వదలడం. రెండేళ్ళలో ఊరి బోర్లన్నీ ఉప్పు కషాయం అయిపోయాయి. టీ పెడితే పాలు విరిగిపోయేవి. కొబ్బరిచెట్లు మొవ్వు ఎండి నిలువునా చచ్చాయి. చేపలవాళ్ళ వాడలో ఆడవాళ్ళూ, చర్చి చుట్టూ ఉన్న పేటలో ఆడవాళ్ళూ బిందెలు పట్టుకుని ఒకే ట్యాంకరు కోసం పొద్దున్నే నిలబడేవారు. ఆ చెరువుల ఆసామి మహా మర్యాదస్థుడు. కారు ఆపి మరీ "ఏమ్మా, పిల్లలు బావున్నారా?" అని అడుగుతాడు. అడుగుతూనే ఊరి గొంతులో ఉప్పు పోశాడు దుర్మార్గుడు.

ఒకరోజు క్లాసయ్యాక ఆ అమ్మాయి వచ్చి, "సార్, మావోళ్ళు తహసీల్దారు గారికి అర్జీ పెడతామంటున్నారండీ. ఎలా రాయాలో మీరొచ్చి చెబుతారాండీ?" అంది. నేను గాలి కొట్టిన ట్యూబులా ఉబ్బిపోయాను. ఇన్నేళ్ళ తరవాత నన్నొక ఊరు పిలిచింది కదా.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి అరుగు మీద రెండు వాడలవాళ్ళూ కూర్చున్నారు. అర్జీ నేను చెబుతుంటే ఆ అమ్మాయి రాసింది. రాత ముత్యాల్లా ఉంది. తీరా సంతకాల దగ్గరికి వచ్చేసరికి మర్యాదలు మొదలయ్యాయి. "ముందు మీరు పెట్టండి బాబాయి గారూ" అంటే, "అబ్బెబ్బే, మేష్టారుగా చేసి రిటైరైన తమరుండగా మేమెక్కడండీ" అని ఆయన. "నాదేముందండీ, ముందు మీరు కానివ్వండి" అని ఈయన. మా వైపు భయం ఎప్పుడూ భయంలా కనిపించదు, మర్యాదలా కనిపిస్తుంది. కాగితం అరుగు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళి ఖాళీగా నా దగ్గరికే వచ్చింది.

అప్పుడు నా పాత విద్య బయటికి తీశాను. మా రోజుల్లో అర్జీ కింద పేర్లు వరసలో పెట్టేవాళ్ళం కాదు. వరసలో పెడితే మొదటి పేరు గలవాడే నాయకుడని పోలీసులు వాణ్ణి లాక్కుపోయేవారు. అందుకని గుండ్రంగా పెట్టేవాళ్ళం. మొదలూ ఉండదు, చివరా ఉండదు, అందరూ సమానమే. నేను కుర్రాణ్ణయిపోయి, దగ్గరింట్లోంచి స్టీలు పళ్ళెం తెప్పించి, కాగితం మీద బోర్లించి పెన్సిలుతో చుట్టూ గీత గీశాను. "ఈ గీత చుట్టూ పెట్టండి. ఇక ఎవర్ని పట్టుకుంటారో చూద్దాం" అన్నాను. అందరి మొహాలూ విప్పారాయి. బండిచక్రం ఆకుల్లాగా సంతకాలు, వేలిముద్రలు ఆ గీత చుట్టూ పడ్డాయి. ఆ అమ్మాయి వంతు వచ్చినప్పుడు వాళ్ళ నాన్న, "లా చదువుతున్నానని కూడా రాయమ్మా, భయపడతారు. ఫోన్ నంబరు కూడా ఎయ్యి" అన్నాడు. ఆమె అన్నీ శుభ్రంగా రాసింది. నేను పక్కనే నిలబడి భేష్ అన్నాను. భేషట, నా బొంద.

అర్జీ ఇచ్చారు. రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. తరవాత ఒక ఉదయం చూస్తే ఆసామి చెరువుకి ఉప్పునీళ్ళు తోడే పైపు ఎవరో కోసేశారు. ఎవరు కోశారో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆయన ఫిర్యాదు ఇచ్చాడు. ఉప్పునీళ్ళ గురించి బల్ల మీంచి లేవని కాగితానికి, పైపు తెగగానే కాళ్ళొచ్చాయి. తహసీల్దారు ఆఫీసు నుంచి తిన్నగా పోలీస్ స్టేషనుకు నడిచింది. గుమిగూడటం, ఆస్తి ధ్వంసం, బెదిరింపు అని సెక్షన్లు పెట్టి, అర్జీ మీదున్న పేర్లన్నీ దించి కేసు రాసేశారు.

ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, నేను ఏ-వన్ అంటండీ" అంది. ఏడవలేదు. కోర్టులో నిందితుల వరస ఎలా ఉంటుందో ఆ పిల్లకి నేను చెప్పిన పాఠమే. ఏ-వన్ అంటే ఒకటో ముద్దాయి, కుట్రకు పెద్ద. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్కూటరు వేసుకుని నగరం అనే ఊరి మీదుగా స్టేషనుకు వెళ్ళాను. దారిపొడుగునా తిడుతూనే ఉన్నాను, హెల్మెట్లో నా తిట్లు నాకే వినిపిస్తున్నాయి. స్టేషను వరండాలో బెంచీ మీద ఆ పిల్ల తండ్రి తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

ఎస్.ఐ. కుర్రవాడు. "రండి మేష్టారూ, కూర్చోండి. కాఫీ తెప్పించమంటారాండీ?" అన్నాడు.

"కాఫీ తగలెయ్యండి. ఇరవై రెండేళ్ళ పిల్ల తెల్లారగట్ల వెళ్ళి ఇనుప పైపు కోసిందా? మీరు చూశారా? ఎవరైనా చూశారా?"

"మేం అలా అన్లేదండీ. పేర్లున్నాయి కదండీ, రాసేం."

"ఒకటో ముద్దాయి ఆ పిల్ల ఎలా అయింది?"

అతను ఫైల్లోంచి అర్జీ నకలు తీసి స్టీరింగు తిప్పినట్టు నా ముందు తిప్పాడు. "ఇది గుండ్రంగా ఉంది కదండీ. నాయకుడెవరో తేల్లేదండీ, అందుకని అందర్నీ రాసేం. మరి ఎక్కడో ఒకచోట మొదలెట్టాలి కదండీ? మిగతావన్నీ వేలిముద్రలండీ, కొన్ని కోడి కెలికినట్టున్నాయి. ఈ అమ్మాయి గారిది చక్కగా కనబడుతోంది, ఫోన్ నంబరు కూడా ఉంది. అక్కణ్ణుంచి మొదలెట్టేం." వెటకారం ఏమీ లేదు ఆ గొంతులో. పనివాడు పని చెప్పినట్టే చెప్పాడు.

బల్ల గుద్దాను. "ఆ అర్జీ చెప్పింది నేను. గీత గీసింది నేను. పళ్ళెం తెప్పించింది నేను. నాయకుడు కావాలంటే నన్ను రాయండి!" వరండాలో తండ్రికి వినిపించేట్టే అరిచాను. కొంత అందుకే అరిచానేమో కూడా.

ఎస్.ఐ. కాగితాన్ని ఇంకోసారి చుట్టూ తిప్పి చూశాడు. "మీ సంతకం లేదు కదండీ" అన్నాడు.

ఈ సంగతి ఇందాక చెప్పకుండా దాటేశాను. చర్చి అరుగు మీద అందరూ పెట్టాక పెన్ను నాకు కూడా ఇచ్చారు. "నాది పడితే మీకే చెరుపు. నక్సలైటు రాయించాడని అర్జీ చింపేస్తారు" అన్నాను. "ఆయ్, నిజమేనండీ, తమరికి తెలియందేముందండీ" అన్నారు పాపం వాళ్ళు. అందులో అబద్ధం లేదు. అసలు కారణమూ లేదు. నేను రిటైరై మూడేళ్ళయింది, ఏటా జూన్‌లో కాలేజీ నాకు పొడిగింపు ఇస్తుంది. ఆ చెరువుల ఆసామి మా కాలేజీ నడిపే కరస్పాండెంటు గారికి వేలువిడిచిన బావ. అర్జీకి నాలుగు రోజుల ముందు కరస్పాండెంటు గారు నన్ను గదిలోకి పిలిచి, "మేష్టారూ, పాత అలవాట్లన్నీ మానేసేరు కదండీ?" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా దవడ నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. జీతం కోసం కూడా కాదు. ఇంట్లో కూర్చుంటే నన్నెవరు మేష్టారు గారూ అంటారని. లాఠీలకు లొంగనివాణ్ణి, మేష్టారు గారూ అనే పిలుపుకు లొంగిపోయాను. జైల్లో ఉండగా ఇలాంటివాళ్ళని మేము ఏమనేవాళ్ళమో ఇక్కడ రాయలేను.

ఆ ఊళ్ళోవాళ్ళకి బెయిలు వచ్చింది. ఆ అమ్మాయి పరీక్షలు రాసి, మా కాలేజీలో అందరికన్నా పైన పాసైంది. న్యాయవాదిగా నమోదుకి దరఖాస్తు తీసుకుని స్టాఫ్ రూముకి వచ్చింది. దాన్లో ఒక గడి ఉంటుంది, మీ మీద క్రిమినల్ కేసులేమైనా ఉన్నాయా అని. "ఏం రాయమంటారండీ?" అంది. దాచిపెడితే కేసుకన్నా అదే పెద్ద నేరమవుతుందని ముప్ఫై ఏళ్ళుగా పాఠం చెప్పిన నోరు నాది. "ఉంది అని రాయమ్మా" అన్నాను. కేసు నంబరు ఆమెకి కంఠతా వచ్చు. చూడకుండానే రాసింది.

నెల తిరక్కుండా జవాబొచ్చింది, కేసు తేలాక రమ్మని. మా కోర్టుల్లో కేసు తేలడమంటే ఏమిటో నాకు తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. ఆమెకన్నా తక్కువ మార్కులతో పాసైనవాళ్ళు కోట్లు వేసుకుని కోర్టు మెట్లెక్కుతున్నారు. ఆమె ఒక వకీలు గారి ఆఫీసులో దస్తావేజులు టైపు చేస్తోంది. పైపు ఎవరు కోశారో తేలలేదు. ఊరి నీళ్ళు ఇంకా ఉప్పగానే ఉన్నాయి. ఆసామి పైపు మాత్రం మర్నాడే కొత్తది వేశారు, దానికి ఏ కోర్టూ వాయిదా వేయలేదు.

చివరికి నేను అఫిడవిట్ రాశాను. అర్జీ నా ఆలోచన, గుండ్రంగా పెట్టించింది నేను, ఆ అమ్మాయి నేను చెప్పిన మాటలు రాసిన విద్యార్థిని మాత్రమే అని. కోర్టులో దాఖలు చేయించి, నకలు కరస్పాండెంటు గారి బల్ల మీద నేనే పెట్టాను. జూన్‌లో పొడిగింపు రాలేదు. ఒకలాంటి ఊపిరి ఆడింది. ఇంకో నకలు పట్టుకుని ఆ అమ్మాయి పనిచేసే ఆఫీసుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో దాచుకోను, ఒక మంచిమాట అంటుందని వెళ్ళాను.

ఆమె లేచి కుర్చీ వేసింది. నిలబడే మొత్తం చదివింది. చదవడం నేర్పింది నేనే, ఒక్క వాక్యం కూడా వదలకుండా చదివింది. మడతపెట్టి రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

"బాగా రాసేరండీ" అంది. "ఆ రోజు మీ సంతకం ఉంటే సార్, మీ పేరు చూడగానే వాళ్ళు ఇంకెవరి పేరూ వెతికేవారు కాదండీ. మీ పేరు రాసి, కింద 'మరికొందరు' అని రాసి ఊరుకునేవారు. నేను ఆ మరికొందరిలో ఉండేదాన్నండీ."