వెర్నా క్లోస్టర్ మెడ మీది కత్తిరింపు

కాన్సస్ రాష్ట్రంలోని మా ఊళ్లో, నేను పనిచేసే వృద్ధాశ్రమానికి ప్రతి గురువారం జుట్టు ముస్తాబు చేసే డోరీన్ వచ్చి, ఆడవాళ్లందరి జుట్టూ ఒకేలా ఉంగరాలు చుట్టి వెళ్తుంది. ఒప్పుకోనిది వెర్నా క్లోస్టర్ ఒక్కతే. చెవుల దగ్గర ఆగే తిన్నని జుట్టు, నున్నగా గొరిగిన మెడ, మూగ సినిమాల తార డెల్లా మార్లో తీరు ఆమెది.

ఆ కత్తిరింపు కథ ఆమె ఎన్నిసార్లు చెప్పినా నేను మళ్లీ అడిగేదాన్ని. పడుచుతనంలో వెర్నా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేది. ఆడవాళ్ల కొట్లో అంత పొట్టిగా జుట్టు కొయ్యం పొమ్మన్నారు. డెల్లా బొమ్మ పట్టుకుని మగాళ్ల మంగలి కొట్టుకి పోయింది. మంగలి ఎమిల్ అలవాటుకొద్దీ మెడ కూడా గొరిగేశాడు.

"అచ్చం డెల్లానే! మెడకి గాలి తగులుతుంటే, వీధంతా నాదే అనిపించింది," అనేది.

ఎమిల్ తర్వాత ఇన్నాళ్లూ ఆమె జుట్టు కత్తిరించిన మంగలి ఈమధ్య కొట్టు మూసేశాడు. మెడ మీద జుట్టు పెరిగిపోయింది. డోరీన్‌కి సందు దొరికింది.

"వెర్నా గారూ, ఆ డెల్లా ఎవరో ఇప్పుడెవరికి తెలుసు? మాటల సినిమాలొచ్చాక ఆవిడకి వేషాలే లేవట. ఉంగరాలు చుట్టేస్తాను."

"ఆవిడ సినిమాలు ఆగిపోయాయి, నా జుట్టు ఆగలేదు. ముసలమ్మని చెయ్యాలంటే వేరే తలకాయ చూసుకో పిల్లా!"

గదంతా గొల్లుమంది. డోరీన్ కూడా నవ్వేసింది.

"నాకు మెడ గొరగడం రాదండీ."

"ఎమిల్‌కి ఆడవాళ్ల జుట్టు కత్తిరించడం వచ్చా ఏంటి? మొదలుపెట్టు."

పనయ్యాక వెర్నా అద్దం అడగలేదు. మెడ తడుముకుని, గడ్డం పైకెత్తి, అందరి మధ్యనుంచీ భోజనాల గదిలోకి నడిచింది.